తవుడు నూనె తేటపడే దారి

శ్రోతలకు నమస్కారం.

గానుగ నుంచి వచ్చిన నువ్వుల నూనెను నాలుగు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి, పైన తేట నూనె నిలుస్తుంది. ఆ తరువాత పలుచని గుడ్డతో వడగడితే సరిపోతుంది. వడ్లు మర ఆడించినప్పుడు వచ్చే తవుడు నుంచి తీసిన నూనె ఇంత సులభంగా తేటపడదు. వంటనూనెల్లో శుద్ధికి ఇంతగా మొరాయించేది అరుదు.

చిక్కు మరలోనే మొదలవుతుంది. గింజ పొర చెదరనంతవరకు నూనె ఒకచోట, దానిని విడగొట్టే లైపేజ్ అనే ఎంజైము మరొకచోట ఉంటాయి. పాలిష్ పట్టగానే రెండూ కలిసిపోయి, గంటల వ్యవధిలోనే నూనె విడిపోతూ కొవ్వు ఆమ్లాలు పుడతాయి. అందుకే పచ్చి బియ్యపు తవుడును వెంటనే ఆవిరితో వేడిచేసి ఎంజైమును అణచివేయాలి. ఉప్పుడు బియ్యపు తవుడుకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే ఆ వడ్లు ముందే ఉడికి ఉంటాయి. శుద్ధి అంటే నూనె కర్మాగారపు పని అనుకుంటాం గాని, రైస్ మిల్లులో ఆలస్యమైతే ఆ తరువాత ఎంత శ్రమపడినా నష్టం పూడదు.

హెక్సేన్ అనే ద్రావణితో తీసిన ముడి నూనెలో ఆ ఆమ్లాలతో పాటు జిగురు, మైనం, ముదురు రంగు కూడా ఉంటాయి. జిగురులో కొంత భాగం వేడి నీటిని పీల్చి విడిపోతుంది. కాల్షియం, మెగ్నీషియంతో ముడిపడినది మాత్రం నీటికి లొంగదు కనుక ఫాస్ఫారిక్ ఆమ్లం కలపాలి. కొవ్వు ఆమ్లాలను తొలగించే పాత పద్ధతి కాస్టిక్ సోడా. ఆమ్లాలు సబ్బుగా మారి విడిపోతాయి, కాని ఆ సబ్బు తనతో కొంత మంచి నూనెను, ఒరైజనాల్‌లో అధికభాగాన్ని కూడా పట్టుకుపోతుంది. తవుడు నూనెకు పేరు తెచ్చిన పదార్థమే ఒరైజనాల్. దానిని సబ్బు పాలు చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

జిగురును బాగా తగ్గించగలిగితే కొవ్వు ఆమ్లాలను చివర్లో ఆవిరితోనే తీసేయవచ్చు, సోడా అవసరమే ఉండదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు ఇందుకోసమే ఎంజైముతో జిగురు తీసే పద్ధతిని రూపొందించారు. ఫాస్ఫోలైపేజ్ అనే ఆ ఎంజైము జిగురు అణువును కోయగా, మిగిలిన ముక్క నీటిలోకి చేరి నూనె నుంచి వేరవుతుంది. తవుడును పాడుచేసేది ఒక ఎంజైము, నూనెను బాగుచేసేది మరొక ఎంజైము!

రంగును తీసేది మట్టి. బెంటొనైట్ బంకమట్టిని ఆమ్లంతో ఉడికిస్తే అందులో సూక్ష్మ రంధ్రాలు పెరుగుతాయి. గాలి తీసేసిన పాత్రలో, సుమారు 100 డిగ్రీల వేడి వద్ద, ఆ మట్టి పత్రహరితాన్ని, ఇతర వర్ణకాలను పట్టుకుంటుంది. వాడిన మట్టిని కుప్పపోసి వదిలితే, అందులో మిగిలిన నూనె గాలితో కలిసి వేడెక్కి దానంతటదే అంటుకోవచ్చు కనుక జాగ్రత్త అవసరం. మైనం తీయడానికి నూనెను నెమ్మదిగా చల్లబరచాలి. తొందరపడితే స్ఫటికాలు సన్నబడి వడపోత బట్టను మూసేస్తాయి.

చివరగా శూన్యపీడనంలో, 220 నుంచి 250 డిగ్రీల వేడి మీద ఆవిరి పంపితే వాసనతో పాటు కొవ్వు ఆమ్లాలు కూడా వెళ్లిపోతాయి. సోడా లేకుండా ఇలా శుద్ధి చేసిన నూనె కొంచెం ముదురు రంగులో ఉండవచ్చు. సీసాను వెలుతురుకు పట్టి చూసి, ఆ రంగును మురికి అనుకొని పక్కన పెట్టకండి. ఒరైజనాల్ ఎక్కువగా నిలిచి ఉండేది అటువంటి నూనెలోనే.