బండికి రివ్యూనా? కొన్నవాళ్లకా?

నమస్తే అండీ. ఈరోజు నా వెనకాల బండేమీ లేదు, చూస్తున్నారుగా. ఈసారి రివ్యూ మన మాటలకి. కార్లన్నా బైకులన్నా ప్రాణం పెట్టే మనం, బండ్ల మీదా వాటిని కొన్నవాళ్ల మీదా ఇచ్చే తీర్పులకి.

మొన్న ఒక రైడర్ల మీట్‌కి వెళ్లాను. ఒకాయన పెద్ద అడ్వెంచర్ బైక్ మీద వచ్చారు. రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు. వయసు యాభై దాటే ఉంటుంది. ఆయన హెల్మెట్ తీసేలోపే ఇద్దరు కుర్రాళ్లు వంగి వెనక టైరు చూశారు. అంచులు అరగలేదు. రెండు వైపులా వేలెడు వెడల్పున కొత్త టైరులాగే ఉంది. చికెన్ స్ట్రిప్స్ అంటాం కదా, అవే. అవి ఉంటే మలుపుల్లో బండి వాల్చడానికి భయపడేవాడని మన లెక్క. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. "ఈయనకెందుకు ఇంత బండి?" అన్నారు, ఆయనకి వినపడేంత గట్టిగానే.

నాకు చాలా బాధేసింది. ముందు ఆ టైరు సంగతి మాట్లాడదాం, ఎందుకంటే మనలో చాలామంది దీన్ని రైడింగ్‌కి మార్కుల లిస్టులా వాడుతున్నారు.

టైరుకి ఉన్న పట్టు ఒక్కటే. మలుపు తిరగడానికీ అందులోంచే తీయాలి, బ్రేక్ వెయ్యడానికీ అందులోంచే తీయాలి. బండిని చివరంటా వాల్చేస్తే పట్టంతా మలుపుకే ఖర్చయిపోతుంది. అప్పుడు ముందు కంకర కనపడినా, మనిషి అడ్డం వచ్చినా, బ్రేక్‌కి ఏమీ మిగలదు. ట్రాక్ మీద మలుపు అవతల ఏముందో తెలుసు. రోడ్డు మీద తెలియదు. అంచు మిగిలిందంటే ఆ మనిషి కొంత పట్టు దాచుకుని నడుపుతున్నాడని కూడా అనుకోవచ్చు కదా! ఇంకోటి చెప్తాను. రైడర్ ఒళ్లు మలుపు లోపలికి ఒంచితే, అదే మలుపు, అదే వేగం, కానీ బండి తక్కువ వాలుతుంది. అంటే బాగా నడిపేవాడి టైరుకే అంచు ఎక్కువ మిగలొచ్చు. టైరు ఆకారాన్ని బట్టీ మారుతుంది. ఇన్ని కారణాలున్న చోట మనం ఒక్కటే చూశాం, భయమని.

కార్ల దగ్గరా ఇదే కథ. మజ్దా ఎమ్‌ఎక్స్-5 అనే చిన్న స్పోర్ట్స్ కారునే తీసుకోండి. 1989లో వచ్చింది. 1.6 లీటర్ ఇంజన్, 116 హార్స్‌పవర్, బరువు టన్ను లోపే. ఆ ప్రాజెక్టు నడిపించిన తోషిహికో హిరాయ్ పట్టుకున్న మాట జిన్బా ఇట్టాయ్, అంటే గుర్రమూ రౌతూ ఒక్కటైపోవడం. బరువు తక్కువ, డ్రైవ్ వెనక చక్రాలకి, చిన్న లివర్‌తో మాన్యువల్ గేర్‌బాక్స్. మనం కావాలని అడిగేవన్నీ అందులో ఉన్నాయి. అయినా ఏళ్ల తరబడి దానికి పడిన పేరేంటి? ఆడవాళ్ల కారు, సెలూన్‌లో జుట్టు కత్తిరించేవాళ్ల కారు! ఆ మాటలో స్టీరింగ్ గురించి ఒక్క ముక్క ఉందా? సస్పెన్షన్ గురించి ఉందా? అందులో ఉన్నదల్లా, ఆ కారు కొంటే నలుగురూ నన్నేమనుకుంటారో అన్న భయం. 2016కల్లా అవి పది లక్షలు తయారయ్యాయి. ఆ పేరుకి జడిసి కొనకుండా ఉండిపోయినవాళ్ల గురించే నా దిగులు. గొప్ప కారు నడిపే సంతోషం వాళ్లకి దక్కకుండా చేసింది మనమే.

బైకుల కంపెనీలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1963లో హోండా అమెరికాలో ప్రకటనలు వేసినప్పుడు, బైక్ అంటే రౌడీలు ఎక్కేదని అక్కడ చాలామంది మనసులో ఉండేది. అందుకే ఇంజన్ గొప్పలు పక్కన పెట్టి, దాని మీద మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి చూపించారు. ఆ ప్రకటనల్లోని చిన్న బండి సూపర్ కబ్. దానికి క్లచ్ లివరే ఉండదు. 1958లో మొదలైతే 2017కల్లా దాని తయారీ 10 కోట్లు దాటింది. దాన్ని "ఇదీ ఒక బైకేనా" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఎస్‌యూవీల మీద మన కోపంలో మాత్రం సగం న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. ఎత్తు పెరిగితే మలుపులో బండి ఒళ్లు ఊగుతుంది, గాలి ఎక్కువ తగులుతుంది, బరువుతో టైర్లూ ఇంధనమూ త్వరగా అయిపోతాయి. ఇవి బండి మీద మాటలు, గట్టిగా అనండి. కానీ అక్కడి నుంచి "కొన్నవాళ్లకి డ్రైవింగే తెలియదు" అని దూకేస్తాం. మోకాళ్లు అరిగిన అమ్మని స్పోర్ట్స్ సెడాన్‌లోకి దింపి, మళ్లీ పైకి లేపి చూడండి. సీటు నడుము ఎత్తులో ఉంటే ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పక్కకి జరిగి కూర్చుంటుంది. ఆ సౌకర్యం స్పెక్ షీట్‌లో ఏ గడిలోనూ ఉండదు.

మన మాటకి విలువ లేదనడం లేదండీ. 2013లో పోర్షే 911 జీటీ3 స్పోర్ట్స్ కారు మాన్యువల్ లేకుండా, ఒక్క పీడీకే గేర్‌బాక్స్‌తోనే వచ్చింది, అంటే క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్. మనవాళ్లు గోల పెట్టారు. కొన్నవాళ్లని తిట్టలేదు, క్లచ్ పెడల్ కావాలన్నారు. 2016లో మాన్యువల్‌తోనే 911 ఆర్ వచ్చింది, 991 కార్లు మాత్రమే. 2017 జీటీ3లో మాన్యువల్ మళ్లీ ఎంచుకోవడానికి దొరికింది. మాట ఫలానా పార్టు మీద ఉంటే ఇంజనీర్‌కి పని దొరుకుతుంది. మనిషి మీద ఉంటే ఎవరికి ఏం దొరుకుతుంది?

ఈ బండి ఎవరికి సరిపోతుందని అడగడం రివ్యూలో ఉండి తీరాలి. పొట్టివాళ్లకి కాలు నేలకి ఆనుతుందా, కొత్తవాళ్లు ఆ బరువు ఆపగలరా, వెనక కూర్చునేవాళ్ల నడుము ఏమవుతుంది, ఇవన్నీ కొనేవాళ్ల గురించే. "ఇది కొనేవాడు ఎలాంటివాడు" అన్నది వేరే ప్రశ్న. నా పాత వీడియోల్లో నేనూ ఆ ప్రశ్న వేశాను. కొన్ని మాటలు ఇప్పుడు వింటే సిగ్గేస్తుంది. వాటి కింద నా తప్పు ఒప్పుకుంటూ కామెంట్ పిన్ చేశాను.

మీట్‌లో ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. మీటర్ మీద 70 వేల కిలోమీటర్లు దాటాయి. టైరు మధ్యలో చదునుగా అరిగిపోయింది, అంతా దూరప్రయాణాలే. నేను అదే మోడల్‌ని రెండు రోజులు నడిపి రివ్యూ చేశాను. ఆయన గంటలో చెప్పినవి నాకు ఆ రెండు రోజుల్లో తెలియలేదు. నాలుగో గంటకి సీటు ఫోమ్ అణిగిపోయి తుంటి ఎముకలు తగులుతాయట. ట్రాఫిక్‌లో కుడి తొడకి వేడి కొడుతుందట. పెట్టెలు నిండుగా ఉంటే వెనక స్ప్రింగ్ ప్రీలోడ్ పెంచాలి, అంటే స్ప్రింగ్‌ని ముందే ఇంకొంచెం నొక్కి బిగించాలి, లేదంటే ముందు చక్రం తేలికైపోయి స్టీరింగ్ బద్ధకిస్తుందన్నారు. సైడ్ స్టాండ్ మెత్తటి మట్టిలో దిగిపోకుండా పాదం కింద వెడల్పు పలక బిగించుకున్నారు.

నేను ఇవన్నీ ఫోన్‌లో రాసుకుంటుంటే ఆ ఇద్దరు కుర్రాళ్లూ మెల్లగా దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఒకతను మోకాళ్ల మీద కూర్చుని, ఆ పలక ఎలా బిగించారని ఆయన్ని అడిగాడు.