నిద్రలో పెరిగే రక్తపోటు: రక్తపరీక్షలు చెప్పే సంగతులు

శ్రోతలకు నమస్కారం. రక్తపోటు అనగానే వైద్యుడి గదిలో కూర్చుని, చేతికి పట్టీ చుట్టించుకుని చూసుకునే అంకెలే మనకు గుర్తుకు వస్తాయి. కానీ గుండెకు, మెదడుకు రాబోయే ముప్పును ముందుగా పసిగట్టడంలో ఆ అంకెల కన్నా నిద్రలో నమోదైన అంకెలే ఎక్కువ ఉపయోగపడతాయని ఎన్నో అధ్యయనాల్లో తేలింది.

ఆరోగ్యవంతులకు నిద్రపట్టాక రక్తపోటు పగటి సగటు కంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. కొందరిలో ఆ తగ్గుదల 10 శాతమైనా ఉండదు. మరికొందరిలో తగ్గకపోగా పెరుగుతుంది. నిద్రలో సగటు 120/70 లేదా అంతకు మించి ఉంటే దానిని రాత్రి అధిక రక్తపోటుగా యూరప్ వైద్య మార్గదర్శకాలు పరిగణిస్తాయి.

ఇలాంటివారి రక్తపరీక్షల్లో కొన్ని మార్పులు తరచుగా కలిసి కనిపిస్తాయి. పరగడుపు చక్కెర, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు, యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటాయి. మంచి కొలెస్ట్రాల్ తక్కువగా ఉంటుంది. వీటిలో చాలావాటి వెనుక ఉన్నది ఇన్సులిన్ నిరోధకత. ఇన్సులిన్‌కు కణాలు సరిగా స్పందించనప్పుడు శరీరం దానిని మరింతగా తయారుచేస్తుంది. అలా పెరిగిన ఇన్సులిన్ మూత్రపిండాలలో ఉప్పును నిలిపి ఉంచడమే కాక, గుండె వేగాన్ని, రక్తపోటును పెంచే, రాత్రి నెమ్మదించవలసిన సింపథెటిక్ నాడీవ్యవస్థను కూడా ఉత్తేజపరుస్తుంది. పగలు పూర్తిగా బయటకు పోని ఉప్పును రాత్రి పంపించాలంటే మూత్రపిండాలకు ఎక్కువ పీడనం కావాలి, కనుక మనిషి నిద్రపోతున్నా రక్తపోటు దిగిరాదు. పడుకున్నాక మాటిమాటికీ మూత్రానికి లేవవలసి రావడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. వయసు పైబడిందిలే అని దానిని కొట్టిపారేయడం నాకు సరి అనిపించదు.

ఇక శరీరం లోపల పైకి కనిపించకుండా సాగే వాపు ప్రక్రియ, అంటే ఇన్‌ఫ్లమేషన్, సంగతి. పొట్టలోపల పేరుకున్న కొవ్వు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి, వాపును ప్రేరేపించే పదార్థాలను విడుదల చేస్తే, వాటి ప్రభావంతో కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను, అంటే సీఆర్‌పీని, ఎక్కువగా తయారుచేస్తుంది. ఈ వాపువల్ల రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, అవి వ్యాకోచించే శక్తి తగ్గుతుంది. గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడేవారిలో ప్రాణవాయువు పడిపోయిన ప్రతిసారీ రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, వాపు కూడా పెరుగుతుంది.

అయితే ఇవన్నీ తోడుగా కనిపించే గుర్తులే తప్ప రోగనిర్ధారణ కావు. సూక్ష్మస్థాయి సీఆర్‌పీ పరీక్షలో లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే గుండెజబ్బు ముప్పు ఎక్కువని భావిస్తారు. కానీ జలుబు చేసినా, పంటి చిగురు వాచినా అది పెరుగుతుంది. 10 దాటితే ఇన్ఫెక్షన్ వంటి కారణం ఉందేమో చూసి, తగ్గాక పరీక్షను మళ్లీ చేయించాలి. రాత్రి రక్తపోటును మాత్రం కొలిచే తెలుసుకోవాలి. అందుకు 24 గంటలూ చేతికి ఉండే యంత్రం వస్తుంది. రాత్రి అరగంటకో గంటకో పట్టీ తనంతట తానే బిగుసుకుని అంకెలు నమోదు చేస్తుంది. పట్టీ బిగుసుకున్నప్పుడు మెలకువ వచ్చినా చేయి కదపకుండా ఉంచాలి. పడుకున్న వేళ, లేచిన వేళ రాసి పెట్టుకోవాలి.

మాత్రలు రాత్రికి మార్చుకుంటే చాలునని కొందరు అనుకుంటారు. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న, 2022లో ఫలితాలు వెలువడిన టైమ్ అనే పరిశోధనలో, ఉదయం వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం, వాటివల్ల కలిగే మరణాల విషయంలో తేడా కనిపించలేదు. కాబట్టి మాత్రల వేళను సొంతంగా మార్చుకోకండి. చక్కెర, ట్రైగ్లిజరైడ్లు పెరిగి, గురక కూడా ఉంటే, రాత్రి రక్తపోటు కొలిపించడం అవసరమా అని మీ వైద్యుణ్ణి అడగండి.