పిల్లలకి గోల్ఫ్ సెట్ కొంటున్నారా? వయసు కాదండి, ముందు ఎత్తు కొలవండి!

నమస్కారమండి. టేబుల్ మీదున్నవన్నీ కనిపిస్తున్నాయి కదా. పిల్లల గోల్ఫ్ సెట్లు రెండు, పట్టింగ్ మ్యాట్ ఒకటి, ప్రాక్టీసు నెట్ ఒకటి, గ్లౌజులు, మూడు రకాల బంతులు. వీటిలో ఈ ఎర్ర బ్యాగు సెట్టూ, నెట్టూ రివ్యూ కోసం ఉచితంగా పంపినవి. పంపిన వాళ్ళెవరో, ధరలెంతో డిస్క్రిప్షన్‌లో పెట్టాం. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో వాళ్ళకి ముందుగా చూపించనూ లేదు. సెట్టులో ఎన్ని క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, బ్యాగుకి ఎన్ని జేబులు అన్నవి ఆన్‌లైన్‌లో మీరు చూసే ఉంటారు, అవి మళ్ళీ చదవనండి.

నేరుగా డబ్బా దగ్గరికి రండి. దీని మీద ఏం రాశారో చూడండి. ‘వయసు 6 నుంచి 8’. అంతే. ఎత్తు ఎంతుండాలో ఎక్కడా లేదు. ఈ వీడియో మొత్తంలో నాకు కోపం తెప్పించేది ఈ ఒక్క ముక్కేనండి. ఒకే తరగతిలో ఎనిమిదేళ్ళ పిల్లలిద్దరిని పక్కపక్కన నిలబెట్టండి. ఒకరు మూడడుగుల పది అంగుళాలు ఉండొచ్చు, ఇంకొకరు నాలుగడుగుల ఐదు. ఏడంగుళాల తేడా! ఆ ఇద్దరికీ ఒకే పొడవు క్లబ్బు ఎలా సరిపోతుంది? యూఎస్ కిడ్స్ గోల్ఫ్ లాంటి కంపెనీలు ఎత్తుని బట్టే సైజులిస్తాయి, ప్రతి మూడంగుళాలకీ ఒక సైజు. 48 అని ఉంటే 48 అంగుళాల ఎత్తున్న పిల్లలకని, అంటే సరిగ్గా నాలుగడుగులు. దాని తర్వాత 51, ఆ తర్వాత 54. ఏ కంపెనీదైనా పర్వాలేదు, ఎత్తు రాసి ఉన్నదే కొనండి. వయసు మాత్రమే రాసుంటే షాపులో క్లబ్బు పొడవు కొలిపించుకోండి.

ఎత్తు కొలవడానికి చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి నిలబెట్టండి. నెత్తి మీద అట్ట పుస్తకం గోడకి అడ్డంగా ఆనేలా పెట్టి, దాని కింద పెన్సిల్ గీత గీయండి. టేపు అంగుళాల వైపు తిప్పి చూడండి, సెంటీమీటర్లలో రాసుకుని తర్వాత లెక్కేస్తే పొరపాటు వస్తుంది. కొలిచింది రెండు సైజుల మధ్య పడితే చిన్నదే తీసుకోండి.

‘చిన్నదెందుకండీ, పిల్లాడు పెరుగుతాడు కదా’ అంటారు మనవాళ్ళు. స్కూలు యూనిఫాం రెండేళ్ళకి వచ్చేలా వదులుగా కుట్టించినట్టు క్లబ్బు కూడా పెద్దదే కొంటారు. చొక్కా వదులైతే మడత పెట్టుకుంటాడు, క్లబ్బుని మడత పెట్టలేడు కదండి. పొడవెక్కువైతే ఏమవుతుందో చూపిస్తాను. నేల మీద ఆనించినప్పుడు హెడ్డు, అంటే క్లబ్బు కింద బంతిని కొట్టే భాగం, దాని కొస పైకి లేస్తుంది. అలా లేస్తే హెడ్డులో బంతికి తగిలే ముఖం కుడిచేతి వాటం పిల్లలకి ఎడమవైపు చూస్తుంది, బంతీ అటే పోతుంది. నాలుగుసార్లు అలా పోయాక పిల్లాడు తనంతట తనే కుడివైపు గురిపెట్టడం మొదలెడతాడు. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. లేదా గ్రిప్పు బాగా కిందికి పట్టుకుంటాడు, అప్పుడు పైన మిగిలిన ముక్క పొట్టకి తగులుతుంది.

అందుకని మూడు పరీక్షలు చేయండి. మొదటిది, పిల్లాణ్ణి బంతి ముందు నిలబెట్టి హెడ్డుని నేలకి ఆనించమనండి. కొస కింద రూపాయి బిళ్ళ జారేంత సందుంటే ఫర్వాలేదు, చిటికెన వేలు దూరిపోయిందంటే పొడవెక్కువ. పై చేతికి పైన ఒక అంగుళం గ్రిప్పు మిగిలితే మంచిదే, రెండంగుళాలు దాటకూడదు. రెండోది బరువు. పై చేయి ఒక్కదానితోనే క్లబ్బు పట్టుకుని, నడుమెత్తులో ముందుకి చాపి పది అంకెలు లెక్కపెట్టమనండి. పది అయ్యేలోపే హెడ్డు కిందికి వాలిపోతే అది ఆ పిల్లకి బరువు. మూడోది గ్రిప్పు లావు. పై చేత్తో పట్టుకున్నప్పుడు నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు అరచేతి కండకి తాకీ తాకనట్టుండాలి. మధ్యలో ఖాళీ ఉంటే గ్రిప్పు లావు, గోళ్ళు గుచ్చుకుంటే సన్నం.

ఇక్కడే మన దగ్గర ఎక్కువగా జరిగే ఇంకో సంగతి. ఇంట్లో పెదనాన్న గారిదో, మావయ్య గారిదో పాత సెట్టుంటుంది. దాన్ని సైకిల్ షాపుకో, వెల్డింగు షాపుకో పట్టుకెళ్ళి పైన నాలుగంగుళాలు కోయించి పిల్లలకిచ్చేస్తారు. పొడవు సరిపోయినట్టే ఉంటుంది. కానీ హెడ్డు బరువు తగ్గదు కదండి! అన్నిటికన్నా దూరం కొట్టే పొడవాటి క్లబ్బుని డ్రైవర్ అంటారు, పెద్దవాళ్ళ డ్రైవర్ హెడ్డే 200 గ్రాములు దాకా ఉంటుంది, సన్నటి లోహపు హెడ్డుండే ఐరన్లవి ఇంకా ఎక్కువ. పైగా స్టీలు షాఫ్టు, అంటే మధ్య కడ్డీ, బరువు. పొట్టి చేసే కొద్దీ షాఫ్టు బిర్రుగా అయిపోతుంది, పిల్లల ఊపుకి అసలు వంగదు. బంతి పైకి లేవదు, మణికట్టు నొప్పెడుతుంది. పదమూడేళ్ళు దాటి, ఒంట్లో బలమున్న పిల్లలకైతే తేలికపాటి గ్రాఫైట్ షాఫ్టుని ఒక అంగుళం వరకూ కోయించొచ్చు. కోసేచోట చుట్టూ టేపు బిగించి, సన్న పళ్ళ రంపంతో నెమ్మదిగా తిప్పుతూ కోయాలి, లేకపోతే పీచు లేచిపోతుంది. కొత్త గ్రిప్పు ఎక్కించాలంటే షాఫ్టుకి రెండువైపులా అంటుకునే టేపు చుట్టి, గ్రిప్పు లోపల, టేపు మీద టర్పెంటైన్ పోసి, ఒకే ఊపున చివరిదాకా తోసెయ్యాలి. మధ్యలో ఆగితే అక్కడే పట్టేస్తుంది. ఒక రోజంతా ఆరాకే ఆడనివ్వండి.

ఇక వీళ్ళు పంపిన ఎర్ర బ్యాగు సెట్టు. 7 ఐరన్ బావుందండి. గ్రాఫైట్ షాఫ్టు, సన్నటి గ్రిప్పు, హెడ్డు వెనక వెడల్పుగా ఉండటంతో బంతి తేలిగ్గా లేస్తుంది. బంతిని కన్నంలోకి దొర్లించే పట్టర్ కూడా బావుంది, హెడ్డు మీద గీత స్పష్టంగా ఉంది. డ్రైవర్ దగ్గరే నాకు అభ్యంతరం. పెద్దవాళ్ళ డ్రైవర్ల లాగా ముఖం దాదాపు నిటారుగా పెట్టారు. పిల్లల ఊపుకి ముఖం బాగా వెనక్కి వాలి ఉండాలి, 15 డిగ్రీలు, అంతకు పైనే ఉంటే మంచిది. లేకపోతే బంతి నేల మీదే దొర్లుతుంది, పిల్లలకి విసుగొస్తుంది. బ్యాగు కాళ్ళు కూడా బలహీనంగా ఉన్నాయి, గట్టి నేల మీద పెడితే ఒకవైపుకి ఒరుగుతోంది. అందుకే మొదటిసారి కొనేవాళ్ళకి నేను చెప్పేది మొత్తం సెట్టు వద్దనే. ఎత్తుకి సరిపోయిన 7 ఐరన్, పట్టర్, ఫోమ్ బంతులు ఒక సంచెడు. ఆట మీద ఇష్టం నిలబడితే దగ్గర నుంచి ఎత్తుగా లేపే వెడ్జి, దూరం కొట్టే హైబ్రిడ్ తర్వాత చేర్చండి, డ్రైవర్ అన్నిటికన్నా ఆఖరున. నియమాల్లో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు గానీ పదేళ్ళ పిల్లలకి ఐదారు చాలు.

ఇప్పుడు నెట్. కోర్సు మీద, అంటే అసలు గోల్ఫ్ మైదానంలో ఆడించాలంటే మనవాళ్ళు విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ లాంటి చోటికి వెళ్ళాలి. ప్రాక్టీసు అంతా పెరట్లో, కొబ్బరి తోటలో, కోసిన మడిలోనే. కాబట్టి నెట్ అనేది మనకి సెట్టు కన్నా ముఖ్యమైన కానుక. చాలామంది క్రికెట్ నెట్ ముక్క తెచ్చి కట్టేస్తారు. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు, అంతకన్నా చిన్నది నిబంధనలు ఒప్పుకోవు. క్రికెట్ నెట్ కన్ను రెండంగుళాలుంటే, అంటే 50 మిల్లీమీటర్లు, బంతి ఆగకుండా దూరి అవతలికి పోతుంది. అవతల రోడ్డుంటే? పశువులుంటే? గోల్ఫ్ నెట్ కన్ను ఒక అంగుళానికి మించకూడదు. ఇదిగో, ఈ పంపిన నెట్ కన్ను సన్నంగానే ఉంది, కుట్లు రెండు వరసలున్నాయి. దీనికి నా మార్కులు పడ్డాయి. కానీ నెట్ పంపినవాళ్ళు తమ వీడియోలో చూపించినట్టు బిగదీసి కట్టకండి. బిగించిన నెట్ బంతిని తిప్పి పిల్లాడి మొహం మీదికే కొడుతుంది. కిందా పక్కలా వదులుగా వేలాడాలి, అప్పుడు బంతి వేగమంతా అందులోనే చచ్చిపోతుంది.

కొబ్బరి తోటలో చెట్లు ఇంచుమించు 25 అడుగుల ఎడంలో ఉంటాయి. రెండు చెట్లకి పదడుగుల ఎత్తులో గట్టి నైలాన్ తాడు లాగి, నెట్ మధ్యలో వేలాడదీయండి. గెలల కిందా, ఎండు మట్టల కిందా పిల్లలు నిలబడకుండా చోటు చూసుకోండి. నెట్ వెనక రెండడుగుల దూరంలో పాత దుప్పటి ఒకటి కట్టండి. పిల్లాడు నెట్టుకి ఎనిమిది నుంచి పదడుగుల దూరంలో ఉండాలి, ఇంకెవ్వరూ పక్కన గానీ ముందు గానీ ఉండకూడదు. నైలాన్ ఎండకి పెళుసెక్కుతుంది, ఆడటం అయిపోగానే విప్పి లోపల పెట్టండి. నెలకోసారి వేలితో లాగి చూడండి, తెగితే ఆ నెట్ పని అయిపోయినట్టే.

నెట్ లేకుండా తోటలో అసలు బంతి మాత్రం వద్దండి. మొద్దుకి తగిలి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అక్కడ ఫోమ్ బంతే. చిల్లుల ప్లాస్టిక్ బంతి కూడా వాడొచ్చు గానీ గాలికి పక్కకి పోతుంది, కొన్నాళ్ళకి పగులుతుంది. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసినప్పుడు, వేసవి సెలవుల్లో, మళ్ళు ఖాళీగా ఉంటాయి. పెద్దపిల్లలు అసలు బంతితో ఆడేందుకు అదే సమయం. కానీ నల్లరేగడి ఎండి రాయిలా అవుతుంది, దుబ్బుల మధ్య నేరుగా కొడితే దెబ్బంతా మణికట్టుకే. కింద రబ్బరు ఉన్న చిన్న కొట్టుడు మ్యాట్ తీసుకెళ్ళండి. నెర్రెల్లో పడ్డ బంతి కనపడదు, తెల్లవి కాకుండా నారింజ రంగువి కొనండి. చెరువుల పక్కనున్న వాళ్ళకైతే నీళ్ళలో తేలే బంతులు దొరుకుతాయి, మామూలు బంతి మునిగిపోతుంది.

పట్టింగ్ మ్యాట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చుట్టి పంపిస్తారు కాబట్టి మడతలుంటాయి, తిరగేసి కాసేపు ఎండలో పరిస్తే పోతాయి. కన్నం 108 మిల్లీమీటర్లు ఉండాలి, అసలు గోల్ఫ్ కన్నం అంతే. బంతిని వెనక్కి తోసే మోటారు లేకపోయినా నష్టం లేదు. దాని బదులు మ్యాట్ పొడవున్నది కొనండి.

టీనేజి పిల్లలకి వద్దాం. ఐదడుగుల ఐదంగుళాలు దాటితే పెద్దవాళ్ళ సెట్లలోనే తేలికవి చూసుకోవచ్చు. షాఫ్టు మీద ‘ఎస్’ అని ఉంటే అది బిర్రు, ఊపు బలంగా లేనివాళ్ళకి బంతి ఎత్తు లేవకుండా కుడివైపు పోతుంది. ‘ఆర్’, ఇంకా మెత్తగా ‘ఎ’, ‘ఎల్’ ఉంటాయి. పిల్లల ఊపు చూసి తీసుకోండి. బంతులు రెండు పొరలవి చాలు, ఖరీదైన యురేథేన్ పూత బంతులు ఇప్పుడే అక్కర్లేదు. బొమ్మలున్న డబ్బాలో బంతి చోటు గుర్తుపెట్టే మార్కరు, బంతి పడ్డ గుంట సరిచేసే డివట్ ఫోర్కు, బంతిని నిలబెట్టే టీలు పెట్టి కానుకల సెట్టని అమ్ముతారు చూడండి, అది కొనకండి. ఆ మార్కరూ ఫోర్కూ పనికొచ్చేది గ్రీన్ మీదే, అంటే కన్నం చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద, మన పెరట్లో గ్రీన్ లేదు కదా. ఆ డబ్బుతో గురి నేర్చుకునే కడ్డీలు రెండు కొనండి. అవి దొరక్కపోతే కరెంటు వైరింగుకి వాడే ప్లాస్టిక్ పైపులు రెండు కోయించండి, అదే పని చేస్తాయి. క్లబ్బు ముఖం మీద టాల్కం పౌడరు అద్ది కొట్టమనండి, బంతి ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది. పక్కకి పోతున్న బంతికి కారణం సగం అక్కడే తెలిసిపోతుంది.

గ్లౌజు ఒక్కటే వేసుకుంటారు, కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ చేతికి. మన ఉక్కపోతలో తోలు గ్లౌజు చెమటకి తడిసి, ఆరాక అప్పడంలా బిగుసుకుంటుంది, వానాకాలం బూజు పడుతుంది. సింథటిక్ కొనండి, వాన గ్లౌజులని అమ్మేవి ఇంకా మేలు. ఐరన్లని ఆడాక పొడిగుడ్డతో తుడిచి, నెలకోసారి మిషన్ ఆయిల్ పల్చగా రాయండి. అంతర్వేది వైపు, కాకినాడ వైపు ఉప్పుగాలికి గీత పడినచోటల్లా తుప్పు మొదలవుతుంది. తడి బ్యాగులో క్లబ్బులు పెట్టి జిప్పు వేసెయ్యకండి.

అమెరికా నుంచి మావయ్యో బాబాయో సంక్రాంతికి సెట్టు తెస్తానంటే, ‘మీ ఇష్టం మావయ్యా’ అనకండి. ఎత్తు అంగుళాల్లో, అరచేయి చుట్టుకొలత, ఏ చేతివాటమో వాట్సాప్‌లో పెట్టండి. చేతివాటం అన్నంలో చూడకండి, కర్ర ఒకటిచ్చి నేల మీద ఆకుని కొట్టమనండి, ఏ వైపు నిలబడి ఊపుతారో అదే. కుడిచేత్తో రాస్తూ క్రికెట్టులో ఎడమవైపు బ్యాటింగు చేసే పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. మన దేశపు గోల్ఫర్ దీక్షా డాగర్ ఎడమచేతి వాటంతోనే ఆడతారు, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో, అంటే వినికిడి లోపం ఉన్న క్రీడాకారుల పోటీల్లో, స్వర్ణం గెలిచారు. ఎడమవైపు ఊపే పిల్లకి కుడిచేతి సెట్టిచ్చి సర్దుకోమనకండి. ఎడమచేతి జూనియర్ సెట్లు షాపుల్లో తక్కువగా ఉంటాయి, ముందే అడిగి తెప్పించుకోవాలి.

చివరిగా ఒక్కమాట. గ్రిప్పు మీద ప్లాస్టిక్ తొడుగు విప్పకముందే పొడవు, బరువు పరీక్షలు చేసేయండి. తొడుగు తీసి, హెడ్డు మీద గీత పడ్డాక మార్చి ఇవ్వమంటే చాలా షాపులు ఒప్పుకోవు. ఆయ్, ఉంటానండి.