రెండో పేజీలో ఆ పెట్టెను కొట్టేయండి! నాలుగో తరగతి గ్రామర్ వర్క్‌బుక్ రివ్యూ

నమస్కారం అండీ. ఇవాళ నా చేతిలో ఉన్నది నాలుగో తరగతి ఇంగ్లిష్ గ్రామర్ వర్క్‌బుక్. అట్ట చూపించను, పేరు చెప్పను, ఎందుకంటే కాసేపట్లో తిట్టబోతున్నాను. తిట్టేది ఒక్క చాప్టర్‌నే లెండి: కామన్ నౌన్, ప్రాపర్ నౌన్.

మొదటి పేజీకి పేరు పెట్టడానికి లేదు. రివర్ కామన్, గోదావరి ప్రాపర్. సిటీ కామన్, వరంగల్ ప్రాపర్. బొమ్మలు కూడా ముద్దుగా ఉన్నాయి.

పేజీ తిప్పితే గళ్ల పెట్టెలో ఒక సూత్రం: పెద్ద అక్షరంతో మొదలైతే అది ప్రాపర్ నౌన్. అంతే! దీన్ని నమ్మి మా పాప 'డాగ్స్ బార్క్' అనే వాక్యంలో డాగ్స్ పక్కన ప్రాపర్ అని రాసేసింది. తప్పు దానిదా? వాక్యం మొదట్లో ఏ పదానికైనా పెద్ద అక్షరమే కదా. 'ఇండియన్ ఫుడ్' అన్నప్పుడు ఇండియన్ అసలు నౌనే కాదు, అయినా పెద్ద ఐ పడుతుంది. సూత్రాన్ని తిరగేసి పట్టుకున్నారన్నమాట. ప్రాపర్ నౌన్ కాబట్టి పెద్ద అక్షరం వస్తుంది, పెద్ద అక్షరం వచ్చింది కాబట్టి ప్రాపర్ నౌన్ అయిపోదు.

మన పిల్లలకు ఇక్కడే ఎందుకు తికమక? తెలుగులో పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు అనే గొడవే లేదు. 'సత్యం గెలిచింది' అంటే నిజం గెలిచింది. 'సత్యం గెలిచాడు' అంటే ఎదురింటి సత్యం గెలిచాడు. రెండు చోట్లా రాత ఒకటే, క్రియ చూసి పోల్చుకుంటాం. మరి 'జ్యోతి కనిపించింది' అంటే? దీపమా, అమ్మాయా? క్రియ కూడా చెప్పదు, ముందూ వెనకా చదవాల్సిందే. ఇంగ్లిష్‌లో ఈ పనికి పెద్ద అక్షరం సాయం వస్తుంది.

నేనైతే పాపకు ఒకే మాట చెప్పాను: అది పెట్టిన పేరా, కాదా? నదులన్నీ నదులే. అందులో ఒకదానికి గోదావరి అని పేరు పెట్టుకున్నాం. వీధిలో ఇద్దరు సత్యాలు ఉన్నా ఇద్దరివీ పెట్టిన పేర్లే, కాబట్టి ప్రాపరే.

నాలుగో పేజీ మాత్రం బంగారం. వారాల పేర్లకు, నెలల పేర్లకు పెద్ద అక్షరం. సమ్మర్, వింటర్‌లకు చిన్నది. 'మై మదర్' అంటే చిన్న ఎం, పేరుకు బదులుగా 'మదర్' అని పిలిస్తే పెద్ద ఎం. పెద్దవాళ్లం మనమే ఇవి తప్పు రాస్తుంటాం.

ఒక్క లోటు ఉంది. పెట్టిన పేరు అరిగిపోయి కామన్ అయిపోవడం గురించి ఒక్క ముక్కా లేదు. ఎస్కలేటర్ ఒకప్పుడు ఓటిస్ కంపెనీ ట్రేడ్‌మార్క్. 1950లో అమెరికాలో ఆ హక్కు పోయింది, ఇప్పుడు చిన్న ఈ. జిరాక్స్ కూడా ఒక కంపెనీ పేరే, కానీ మన వీధి చివర జిరాక్స్ షాపులో ఏ కంపెనీ మెషిన్ ఉన్నా అది జిరాక్సే! పిల్లలు ఇలాంటివి చెబితే చెవులు రిక్కిస్తారు.

కొనాలా అంటే, పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఇంట్లో ఉంటే కొనండి. అయిదుకు మూడు మార్కులు. పిల్లల చేతికి ఇచ్చేముందు ఆ రెండో పేజీ పెట్టె మీద పెన్సిల్‌తో ఒక గీత గీయండి.