మళ్ళీ చెట్టు దగ్గరికి

నమస్కారం. ఈరోజు నా చేతిలో ఉన్నది నేను చదివిన పుస్తకాల లెక్క రాసుకునే నోటుపుస్తకం. జనవరిలో మొదలుపెట్టాను. తేదీ, పుస్తకం పేరు, చదివిన పేజీలు, పక్కన నాకు తోచిన ఒక్క వాక్యం. మాంత్రికులు తిరిగే కథలూ, వ్యక్తిత్వ వికాస పుస్తకాలూ ఇందులో కలిసే ఉన్నాయి. రెండింటినీ వేరు వేరు పేజీల్లో రాసుకోమని నా స్నేహితురాలు చెప్పింది. నాకు మనసొప్పలేదు. తెలుగు ఇళ్ళలో ఆ గోడ ఎక్కడుంది? చేతబడి నవల 'తులసిదళం' రాసిన యండమూరి వీరేంద్రనాథే 'విజయానికి ఐదు మెట్లు' కూడా రాశారు. మా ఇంటి అలమరలో ఆ రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉండేవి.

చెన్నైలో నా చదువంతా మెట్రోలోనే. అరుంబాక్కంలో ఎక్కి ఆలందూరులో దిగుతాను. పావుగంట ప్రయాణం, సీటు దొరికితే పది పేజీలు. మధ్యలో వడపళని వస్తుంది. ఆ పేరు వినబడగానే పుస్తకంలోంచి తలెత్తుతాను. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామ ఏళ్ళ తరబడి అక్కడి నుంచే వెలువడింది. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ 'తోకచుక్క' అందులో మొదలైంది 1954లో. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ మాయల నవల 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి సంపుటం లండన్‌లో అచ్చయిందీ అదే ఏడాది. ఈ సంగతి గమనించిన రోజు ఆ తేదీ కింద రెండు గీతలు గీసుకున్నాను. అక్కడివాళ్ళు ఆ కథ చదువుతున్న రోజుల్లోనే మన పిల్లలు ఈ ఊళ్ళో అచ్చయిన మాయల కథ కోసం నెల నెలా ఎదురుచూశారు. నాకు అది ఎంత గర్వంగా ఉంటుందో చెప్పలేను.

ఇక మార్చి పేజీ చూడండి. తొమ్మిది రోజులు ఖాళీ. నేను పనిచేసేది ఆడిటర్ ఆఫీసులో. ఆర్థిక సంవత్సరం ముగిసే నెలలో ఇంటికి వచ్చేసరికి కళ్ళు మూతలు పడేవి. ఆ సమయంలో నేను చదువుతున్నది జేమ్స్ క్లియర్ రాసిన 'అటామిక్ హాబిట్స్', 2018 నాటి పుస్తకం. చిన్న పనిని రోజూ చేస్తూ పోతే మనిషి మారతాడన్న మాట నాకు నచ్చింది, ఈ నోటుపుస్తకానికి ధైర్యం ఇచ్చింది కూడా అదే. కానీ ఒక రోజు తప్పినా పరవాలేదు, వరుసగా రెండో రోజు తప్పనివ్వకూడదు అన్న సలహా దగ్గర ఆగిపోయాను. నావి తొమ్మిది తప్పాయి. పుస్తకం మూసేశాను.

ఏప్రిల్‌లో అమ్మ దగ్గరున్న పాత చందమామ బైండు తెచ్చుకున్నాను. బేతాళ కథ తెరిచాను. శంకర్ వేసిన ఆ బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది: చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. చిన్నప్పుడు నాకు భయమంతా శవం గురించే. ఈసారి రాజు గురించి ఆలోచించాను. మౌనంగా శవాన్ని మోసుకుపోవాలన్నది ఆయనకున్న నియమం. కథ చివర బేతాళుడు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. రాజు నోరు విప్పుతాడు, నియమం తప్పుతుంది, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. మూలంలో ఇరవై అయిదు కథలు. చందమామలోనైతే దశాబ్దాల పాటు నెల నెలా ఇదే జరిగింది. నా నోటుపుస్తకం పద్ధతిలో లెక్కేస్తే విక్రమార్కుడి పేజీ అంతా ఖాళీయే! అయినా తెలుగువాళ్ళు ఆయనకు పెట్టుకున్న విశేషణం 'పట్టువదలని'. నియమం తప్పలేదని కాదు, తప్పిన ప్రతిసారీ చెట్టు దగ్గరికి నడిచాడని. పైగా ఆయన మౌనం వీడింది బద్ధకంతో కాదు, చెప్పవలసిన మాట ఉండబట్టి. నా మార్చి నెలకూ అలాంటి కారణమే ఉంది. ఆ ఖాళీ గడుల మీద నాకున్న కోపం ఆ రాత్రి పోయింది.

మే నెలలో అర్సులా లెగ్విన్ రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' చదివాను, 1968 నాటిది. గెడ్ అనే కుర్రవాడు గర్వంతో ఒక నీడను లోకంలోకి వదులుతాడు. దాని నుంచి పారిపోతాడు. చివరికి ఎదురు తిరిగి దాన్ని తరుముతాడు, దొరికాక తన పేరుతోనే పిలుస్తాడు. లోపాన్ని జయించడం గురించి చాలా పుస్తకాలు చదివాను గానీ, దాన్ని తన పేరుతో పిలిచే ధైర్యం నాకు ఈ కథలోనే కనిపించింది. ఆ తేదీ పక్కన ఒక్క వాక్యం చాలలేదు, వెనక పేజీ కూడా నిండింది.

'అటామిక్ హాబిట్స్' ఇంకా సగంలోనే ఉంది. నిన్న మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. ఇదిగో, నిన్నటి గడి: అరుంబాక్కం నుంచి ఆలందూరు, పదకొండు పేజీలు.