ఓడినవాడి చేతిలో కాగితం

సభకు నమస్కారం. పర్లాకిమిడి తెలుగువారికి కెన్యా గురించి చెబుతానంటే, మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, దాన్ని వదిలి ఆఫ్రికా ఎందుకయ్యా అని నిన్న ఒక మిత్రుడు నవ్వారు. ఆ ఏటి సంగతే నన్ను అక్కడిదాకా తీసుకెళ్లింది. 2024 మే 13న ఏటికి ఇవతల ఒడిశాలో మనమూ, అవతల ఆంధ్రలో మన బంధువులూ ఒకేరోజు ఓటు వేశాము. జూన్ 4న ఇక్కడ 24 ఏళ్ల నవీన్ పట్నాయక్ ప్రభుత్వమూ, అక్కడ జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వమూ ఓడిపోయాయి. పల్నాడులో, తాడిపత్రిలో తలలు పగలకపోలేదు గాని, మర్నాటికల్లా ముఖ్యమంత్రులిద్దరి రాజీనామాలూ గవర్నర్లకు అందాయి.

కెన్యాలో 1991 డిసెంబరు దాకా రెండో పార్టీ పెట్టడమే చట్టవిరుద్ధం. అయినా 2002లో పాలకపక్షం ఓడి, నిశ్శబ్దంగా తప్పుకుంది. ఇక గట్టెక్కిందనుకున్నారు. 2007 డిసెంబరు 27న అధ్యక్ష ఎన్నికకు ఓట్లు పడ్డాయి. లెక్కలు రాజధానికి ఆలస్యంగా, అనుమానాలతో చేరుతుండగానే 30వ తేదీ సాయంత్రం అప్పటి అధ్యక్షుడు మ్వాయి కిబాకీ సుమారు 2,30,000 ఓట్లతో గెలిచారని ప్రకటించి, గంట తిరగకముందే ఆయన చేత ప్రమాణం చేయించి, ప్రత్యక్ష ప్రసారాలను నిషేధించారు. ప్రత్యర్థి రైలా ఒడింగా పక్షం నమ్మలేదు. రిఫ్ట్ లోయలో భూమి ఎవరిదన్న పాత పగ అప్పటికే నివురు కప్పిన నిప్పులా ఉంది. 1,100 మందికి పైగా చనిపోయారు, దాదాపు ఆరు లక్షల మంది ఇళ్లు వదిలారు. నిజంగా గెలిచిందెవరో తేల్చడం సాధ్యం కాదని తరువాత విచారణ సంఘమే చెప్పింది. నా దృష్టిలో ఆ రక్తపాతానికి మూలం భూమి. అదను మాత్రం ఎవరికీ కనపడని లెక్క.

2022 అధ్యక్ష ఎన్నికలో విలియం రూటో చేతిలో ఒడింగా మళ్లీ ఓడారు. తేడా సుమారు 2,33,000. ఏడుగురు ఎన్నికల కమిషనర్లలో నలుగురు ఆ ఫలితం మాది కాదన్నారు కూడా. అయినా 2007 నాటి ఊచకోత జరగలేదు, తగవు సుప్రీంకోర్టుకు వెళ్లి సెప్టెంబరు 5న ముగిసింది. 2017లో అదే కోర్టు ఒక అధ్యక్ష ఎన్నికను రద్దు చేసి ఉండటం ఒక కారణం. ఇంకో కారణం, 46,000కు పైగా పోలింగ్ కేంద్రాల ఫలితాల పత్రాలను ఎన్నికల సంఘం అందరికీ కనపడేలా వెబ్‌సైటులో పెట్టడం. ఎవరైనా కూడుకోవచ్చు.

ఇది చదివినప్పుడు గుమ్మ వైపు ఒక కొండ బూత్ గుర్తొచ్చింది. నేను ప్రిసైడింగ్ ఆఫీసరుని. పోలింగ్ ముగిశాక ఫారం 17సి, అంటే ఎన్ని ఓట్లు పడ్డాయన్న లెక్క, ఏజెంట్లకు ఇస్తుంటే ఒక సవర కుర్రవాడు అంకె సరిపోదని, అక్షరాల్లో రెండుసార్లు చదివించుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, తుంపరకు తడవకుండా పైన అరచెయ్యి అడ్డుపెట్టుకుని కొండ దిగాడు.

మన 17సి అలా జేబుదాకానే వెళ్తుంది. దాన్ని వెబ్‌సైటులో పెట్టమని చట్టంలో లేదని ఎన్నికల సంఘం 2024 మేలో సుప్రీంకోర్టుకు చెప్పింది. అదే ఏడు డిసెంబరులో, ఓడిన నవీన్ పట్నాయక్ పార్టీ బిజూ జనతాదళ్, పడ్డ ఓట్లకూ లెక్కించిన ఓట్లకూ తేడా ఉందంటూ ఆ కాగితాల లెక్కలతోనే ఎన్నికల సంఘం గడప తొక్కింది.