విద్వేష నేరస్తుడికి తుపాకీ ఉండొచ్చా? నెల్లూరు స్టూడియో చర్చ

(మాటలు కలిసిపోయిన చోట వినపడినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. విద్వేషంతో దాడి చేసి శిక్ష పడినవాళ్లకు తుపాకీ దక్కకూడదని అమెరికాలో ఒక బిల్లు ఏళ్లుగా నానుతోంది. నిన్న దాని మీద వార్త వేస్తే మా ఫోన్లు ఆగలేదు. మన జిల్లాలో అమెరికాలో బిడ్డలున్న ఇళ్లు ఎన్నో. నా ప్రశ్న ఒకటే, మన పిల్లలు అక్కడ క్షేమమేనా? లాయర్ గారూ...

లాయర్: అక్కడ ఏడాదికి మించి జైలు పడగల నేరం రుజువైతే తుపాకీ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం ఉంది. చిక్కంతా చిన్న కేసులతోనే. బెదిరించాడు, చెయ్యి చేసుకున్నాడు, కొద్ది నెలల శిక్షతో బయటపడ్డాడు. వాడి తుపాకీ వాడి దగ్గరే. ఈ సందు పూడ్చడానికే కాలిఫోర్నియాలో 2018 నుంచి అలాంటివాళ్లకు కూడా పదేళ్లు...

రైతు నాయకుడు: సార్, సార్, ఒక్క నిమిషం. కాలిఫోర్నియా మనకెందుకు? ఉదయగిరికి రండి. అడవి పందులు ఒక్క రాత్రిలో చేను తవ్విపోస్తున్నాయి. లైసెన్సు అడిగితే చెప్పులు అరిగేదాకా తిప్పుతున్నారు.

యాంకర్: ఆ విషయానికి వద్దాం...

రైతు నాయకుడు: వద్దాం కాదు, ఇదే విషయం! తుపాకీ అంటేనే దొంగ సరుకన్నట్టు మాట్లాడుతున్నారు.

దళిత సంఘం నాయకుడు: నన్ను కూడా మాట్లాడనివ్వండి. అమెరికా దాకా ఎందుకు? 1995 అట్రాసిటీ నిబంధనల్లో 3వ రూల్ చదవండి. దాడులు జరగొచ్చని గుర్తించిన ప్రాంతంలో అవసరమనిపిస్తే ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలు సర్కారు దగ్గర పెట్టించాలి. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులివ్వాలి. ఎంతమందికి ఇచ్చారు?

రైతు నాయకుడు: ఏ తప్పూ చేయనివాడి తుపాకీ కూడా లాక్కుంటారా? ఇదేం న్యాయం?

దళిత సంఘం నాయకుడు: కారంచేడు గుర్తుందా? 1985 జూలై 17. అప్పుడది ప్రకాశం జిల్లానే. ఆరుగురు దళితులను చంపి...

రైతు నాయకుడు: అక్కడ తుపాకీ యాడుంది సామీ? గొడ్డళ్లు, బరిసెలు. గొడ్డలికీ లైసెన్సు పెడతారా?

దళిత సంఘం నాయకుడు: తుపాకీలే ఉండుంటే ఆరుగురితో ఆగేదా?

(రెండు మూడు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. చర్చ మొత్తంలో అదొక్కసారే.)

యాంకర్: మంచి పాయింట్. కాన్సాస్‌లో 2017 ఫిబ్రవరిలో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను బార్‌లో కాల్చి చంపారు. అందుకే అడుగుతున్నా, మన పిల్లలు క్షేమమేనా డీఎస్పీ గారూ?

రిటైర్డ్ డీఎస్పీ: నెల్లూరులో కూర్చుని కాన్సాస్‌కు నేనేం హామీ ఇస్తానమ్మా? ఇక్కడి సంగతి చెబుతాను. 1959 ఆయుధాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం హింసాత్మక నేరంలో జైలు శిక్ష పడితే, శిక్ష ముగిశాక ఐదేళ్ల దాకా తుపాకీ ఉండకూడదు. మరి శిక్ష పడేదాకా? కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. ఈలోగా 17వ సెక్షన్ కింద లైసెన్సు సస్పెండ్ చేయొచ్చు. 'చేయొచ్చు' అనే ఉంది, 'చేయాలి' అని లేదు. దాంతో...

రైతు నాయకుడు: ఎన్నికలొస్తే మాత్రం స్టేషన్లో అప్పజెప్పమంటారు! కోడ్ అయిపోయాక తెచ్చుకుంటే గొట్టం నిండా తుప్పు.

రిటైర్డ్ డీఎస్పీ: నూనె పెట్టి గుడ్డ చుట్టి ఇవ్వాలి కదండీ.

రైతు నాయకుడు: ఇచ్చాం సార్! పైగా 2019లో మూడు తుపాకులను రెండు చేశారు. మా నాయన కాలం నాటిది వదులుకోవాల్సి వచ్చింది.

(తుప్పు, నూనె, తుపాకీ మేక్ మీద నాలుగు నిమిషాలు నడిచింది. అది వదిలేశాం.)

దళిత సంఘం నాయకుడు: మేడమ్, నేనడిగినదానికి జవాబు రాలేదు. ఎంతమందికి ఇచ్చారు?

రైతు నాయకుడు: ముందు మా పందుల సంగతి తేల్చండి!

యాంకర్: అంటే రైతుకు తుపాకీ అవసరమే అన్నది ఈ రోజు చర్చలో తేలింది...

దళిత సంఘం నాయకుడు: ఎక్కడ తేలింది?

(ముగ్గురు ఒకేసారి మాట్లాడారు.)

యాంకర్: టైమైపోయింది. లాయర్ గారూ, పది సెకన్లలో చెప్పండి. మన పిల్లలు క్షేమమేనా?

లాయర్: ఇందాక పదేళ్లు అని ఆపాను కదా, ఆ పదేళ్లు ఏమిటంటే...

(ప్రకటన.)